పిట్టకుక్క పాఠాలు – నాలుగో భాగం: గాలికి ఎదురుగా వెతకడం

పిట్టకుక్క అంటే పొలంలో పిట్టల్ని వాసనతో వెతికే కుక్క. మూడో భాగం దాకా వచ్చిన కుక్కకి ఈపాటికి మూడు పనులు వచ్చి ఉండాలి. పొడుగు ఈల ఒకటి వేస్తే ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి. చిన్న ఈలలు గబగబా నాలుగైదు వేస్తే మీ దగ్గరికి రావాలి. విసిరిన డమ్మీని (పిట్టకి బదులు వాడే బొమ్మని) నమలకుండా తెచ్చి చేతికివ్వాలి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇంకో వారం ఆగండి. పొలంలో వాసన తగిలాక కుక్క చెవికి మన మాట సగమే ఎక్కుతుంది. వాకిట్లో వినని కుక్క అక్కడ అసలే వినదు.

బ్రిటన్‌లో పార్ట్‌రిడ్జ్ (కౌజు లాంటి పిట్ట) వేట సెప్టెంబరు 1న, ఫెజెంట్ (అడవికోడి లాంటి పిట్ట) వేట అక్టోబరు 1న మొదలవుతాయి. పాయింటర్లు, సెట్టర్లు, స్పానియళ్ళు అలాంటి పొలాల కోసమే తయారైన కుక్కజాతులు. వీటిలో పాయింటర్లకీ సెట్టర్లకీ అక్కడ 1865 నుంచే పొలం పోటీలున్నాయి. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కౌజు, పూరేడు, ఉల్లంకి, నెమలి, వీటిలో దేన్ని వేటాడినా నేరమే. తుపాకీ లేకపోయినా, కుక్కని ఉసిగొల్పి తరిమించినా అది వేట కిందికే వస్తుంది. కాబట్టి ఈ పాఠాల్లో కుక్క వెతికేది ఈకలు కట్టిన డమ్మీని మాత్రమే. దానివల్ల కుక్కకి పోయేదేమీ లేదు. ముక్కు పనిలో దానికున్న ఆనందమంతా వెతకడంలో, దొరికించుకోవడంలో ఉంది.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్, పాయింటర్ ఈ పాఠానికి బాగా పనికొస్తాయి. ముక్కుతో పనిచేసే నాటుకుక్క కూడా నేర్చుకుంటుంది. చిప్పిపారై, ముధోల్ లాంటివి కంటిని నమ్ముకుని పరిగెత్తే జాతులు. వాటికి ఇది విసుగు పుట్టిస్తుంది. ఆరేడు నెలల వయసు నుంచి మొదలుపెట్టవచ్చు. లాబ్రడార్ కూనకి మాత్రం ఏడాది నిండేదాకా ఎక్కువ పరుగు పెట్టకండి, కీళ్ళు దెబ్బతింటాయి.

ముందు గాలి సంగతి

డమ్మీ నుంచి వాసన గాలివాటున పోతూ పోతూ వెడల్పవుతుంది. డమ్మీ దగ్గర జానెడు, ఇరవై అడుగుల అవతల రెండు మూడు బారలు. కంటితో చూడాలంటే గెనిమ (పొలం గట్టు) మీద అగరుబత్తి వెలిగించి, పొగ ఎటు పోతుందో, ఎక్కడ చెదురుతుందో రెండు నిమిషాలు గమనించండి. కుక్క ఆ వాసనపట్టీని అడ్డంగా కోసుకుంటూ పోవాలి. అందుకే గాలి ముఖానికి తగిలేలా నిలబడి, కుక్కని కుడికీ ఎడమకీ నడిపిస్తాం. గాలి వెనకనుంచి వస్తుంటే కుక్క డమ్మీని తొక్కుకుంటూ పోయినా తెలుసుకోలేదు.

కావలి, అల్లూరు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో తెల్లవారుజామున తరచుగా భూమి మీదనుంచి సన్నటి గాలి ఉంటుంది. ఎండెక్కాక సముద్రపు గాలి తిరుగుతుంది. అక్టోబరు నడిమి నుంచి ఈశాన్యపు గాలి కూడా కలుస్తుంది. నిన్న పడమటికి తిరిగి నిలబడ్డాం గదా అని ఇవాళ కూడా అలాగే నిలబడితే పాఠం తిరగబడుతుంది. ప్రతిసారీ చిటికెడు పొడి దుమ్ము వదిలి చూడండి.

వాసనకి మంచి వేళ ఉదయం ఆరు నుంచి ఏడున్నర. నేల కాస్త తడిగా, చల్లగా ఉన్నప్పుడు వాసన నేలకి దగ్గరగా నిలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు ఇంకా బాగుంటుంది. జోరువానలో, ఎండిపోయిన మధ్యాహ్నపు నేల మీద చేయించి, కుక్కకి ముక్కు లేదని తీర్మానించకండి. రొప్పే కుక్క నోటితో గాలి పీలుస్తుంది, ముక్కుకి పని తగ్గుతుంది.

కయ్య, సరంజామా

నెల్లూరు వైపు ఎడగారు (రెండో పంట) కోత అయిపోయిన కయ్యలు (వరి మళ్ళు), కనిగిరి, పొదిలి వైపు విత్తనం పడని మెట్ట చేలు ఈ పనికి బాగుంటాయి. రైతుని అడిగి తీరాలి. అనుమతితో పాటు ఒక సంగతి కూడా అడగండి: గెనిమల మీద ఎలుకల మందు పెట్టారా అని. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన నూకలు కుక్క నోట్లో పడితే ప్రాణం పోతుంది. ఆ కయ్యకి వెళ్ళవద్దు. యంత్రంతో కోసిన చేలో కొయ్యకాళ్ళు పొడుగ్గా, గట్టిగా ఉండి కళ్ళలో గుచ్చుకుంటాయి. చేత్తో కోసి, జానెడు కొయ్యకాళ్ళు మిగిలిన చేను మంచిది. ఎకరం చాలు.

డమ్మీకి అర లీటరు నీళ్ళ సీసాలో సగానికి పైగా ఇసుక నింపి, పాత గోనెగుడ్డ రెండు చుట్లు చుట్టి, గట్టి దారంతో కట్టండి. దాని మీద నాటుకోడి రెక్క ఈకలు పది పన్నెండు బిగించండి. ఈకలకి ఉప్పూ పసుపూ పట్టించకండి. వాసన మారితే కుక్క ఆ మారిన వాసననే వెతకడం నేర్చుకుంటుంది. మెడకి వెడల్పాటి పట్టీ, దానికి పది మీటర్ల నైలాన్ తాడు కట్టండి. చివర ముడి వేయకండి, కొయ్యకాళ్ళలో ఇరుక్కుంటుంది. మెడని బిగించే గొలుసు వద్దు.

పని

ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటుంది. తామే నడిచి వెళ్ళి డమ్మీ పెట్టి, అదే దారిన వెనక్కి వచ్చి, కుక్కని వదులుతారు. కుక్క ముక్కు నేలకి పెట్టి యజమాని అడుగుల వాసన పట్టుకుని నేరుగా డమ్మీ దగ్గరికి పోతుంది. చూసేవాళ్ళకి అద్భుతంగా ఉంటుంది కానీ అది నేర్చుకున్నది జాడ పట్టడం, గాలిని చదవడం కాదు. డమ్మీని ఇంకొకరు అవతలి గెనిమ మీదనుంచి కయ్యలోకి విసరాలి. కుక్క అది చూడకూడదు.

గాలి ముఖానికి తగిలేలా కయ్య ఈవలి అంచున నిలబడండి. డమ్మీ మీకు ఇరవై, పాతిక అడుగుల ఎదురుగా పడి ఉండాలి. తాడు వదులుగా పట్టుకుని "వెతుకు" అని, ఎడమకి ఏటవాలుగా మీరే నడవండి. కుక్క మిమ్మల్ని దాటి పోతుంది. తాడు ముగిసేలోపే రెండు చిన్న ఈలలు వేసి, మీ ఒళ్ళూ చెయ్యీ కుడికి తిప్పి అటు నడవండి. కుక్క తిరుగుతుంది. మళ్ళీ కుడి చివర అదే పని. ప్రతి మలుపుకీ ఎనిమిది పది అడుగులు ముందుకి జరగాలి, అంతకంటే ఎక్కువైతే మధ్యలో నేల వదిలేసినట్టే.

మలుపు ఎటు తిరుగుతుందో జాగ్రత్తగా చూడండి. కుక్క గాలివైపు, అంటే ముందుకి తిరగాలి. మీవైపు వెనక్కి తిరిగితే అప్పటికే వెతికిన నేలనే మళ్ళీ వెతుకుతుంది. దీనికి కారణం సాధారణంగా మనమే, ఈల వేసి అక్కడే నిలబడిపోతాం. ఈల వేసిన క్షణంలో నాలుగు అడుగులు ముందుకి వేయండి, కుక్క మీకంటే ముందుండాలని తనే ముందుకి తిరుగుతుంది.

మూడో, నాలుగో అడ్డానికి వాసన తగులుతుంది. ఆ క్షణాన్ని పట్టుకోవడం కోసమే ఈ పాఠమంతా. పరిగెత్తే కుక్క తల ఒక్కసారి పక్కకి లాగినట్టు తిరుగుతుంది. తెరిచిన నోరు మూసుకుంటుంది. ముక్కుపుటాలు అదురుతాయి, తోక వేగం పెరుగుతుంది. పాయింటరైతే తోక కర్రలా బిగిసి, ముంగాలు ఒకటి మడిచి అక్కడే నిలిచిపోతుంది. ఎవరూ నేర్పకుండానే అది నిలబడే తీరు ఎంత చూసినా తనివితీరదు. అప్పుడు మాట్లాడకండి, వేలు పెట్టి చూపించకండి. చూపిస్తే మరుసటిసారి ముక్కు మానేసి మీ చేతినే చూస్తుంది. లాబ్రడార్‌ని దొరికించుకోనివ్వండి. పాయింటర్‌ని పది లెక్కపెట్టేదాకా నిలబడనిచ్చి, పక్కనుంచి వెళ్ళి మెల్లగా నిమిరి, అప్పుడు తెమ్మనండి.

పూటకి మూడు వెతుకులాటలు, పదిహేను నిమిషాలు. మూడోది దొరకగానే ఆపేయాలి. ఇంకోటి అడిగేంత హుషారుగా ఉన్నప్పుడే ఇంటికి తీసుకెళ్ళండి. రెండు వారాలు వరసగా మలుపులు సరిగా వచ్చాక తాడు చేతిలోంచి వదిలి నేల మీద ఈడ్చనివ్వండి. ఇంకో వారానికి విప్పేయండి.

నిజం పిట్ట లేస్తే

తీతువు ముందే అరిచి చెబుతుంది. కౌజు అలా కాదు, కాళ్ళ కిందనుంచి బుర్రుమని లేస్తుంది. లేచిన మరుక్షణం పొడుగు ఈల. కుక్క కూర్చోవాలి, పిట్ట పోవాలి. కూర్చోకపోతే తాడు లాగకండి, కాలితో తొక్కి పట్టండి. తరిమి అలసి తిరిగొచ్చిన కుక్కని కొడితే దానికి తెలిసేది ఒక్కటే, మీ దగ్గరికి రావడం తప్పని. దీన్ని ముందుగా సాధన చేయండి. తోటివాళ్ళు గుడ్డ ఉండని గాల్లోకి ఎగరేస్తారు, మీరు ఈల వేస్తారు, కుక్క కూర్చుంటే మెచ్చుకుని ఉండని మీరే వెళ్ళి తెచ్చుకుంటారు. గుడ్లు, పిల్లలు కనపడితే ఆ చేను వదిలేయాలి. పక్షుల సంరక్షణ కేంద్రాల దరిదాపులకి కుక్కతో పోవద్దు.

ఇంటికొచ్చాక

వేళ్ళ సందులు విప్పి చూడండి. పల్లేరు కాయ గుచ్చుకుంటే కుక్క కుంటకపోయినా పాదం నాకుతూ ఉంటుంది. చిల్లచెట్ల ముల్లు లోపల విరిగితే చీము పడుతుంది, పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. పిడుదులు చెవుల లోపల, మెడపట్టీ కింద, తొడల సందులో చేరతాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి తిన్నగా లాగాలి, కిరసనాయిలు పోయకూడదు. ఎలుకలు తిరిగే తడి కయ్యలు కాబట్టి రేబీస్‌తో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా ఏటా వేయించండి. నాలుక వెడల్పుగా వేలాడి, చిగుళ్ళు ఎర్రబడి, నడక తూలితే అది వడదెబ్బ. వెంటనే నీడకి చేర్చి, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడిపి, విసురుతూ, డాక్టరుకి ఫోన్ చేయండి. కాబట్టి రెండు లీటర్ల నీళ్ళు చేతిలో లేకుండా కయ్యలో దిగకండి.

వచ్చే భాగంలో చెరువు అంచున, నీళ్ళలో పడిన డమ్మీని తెప్పించడం. దానికి ఇప్పటి డమ్మీ పనికిరాదు, ఇసుక సీసా మునిగిపోవచ్చు. ఖాళీ సీసా ఒకటి, థర్మాకోల్ ముక్కలు సిద్ధం చేసుకోండి.