దత్తత బిడ్డకు అమెరికా పౌరసత్వం: విమానం ఎక్కకముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో ఉంటూ చెల్లెలి కూతుర్నో, బావమరిది కొడుకునో పెంచుకోవాలనుకునే దంపతులు చాలాసార్లు మొదట చేసేది దత్తత హోమం. ఆ వెంటనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పత్రం రాయించుకుంటారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. హిందూ దత్తత చట్టం కింద ఆ పత్రం చెల్లొచ్చు, కానీ అమెరికా ఇమ్మిగ్రేషన్ దగ్గర అదే అడ్డం పడుతుంది.

ఇండియా, అమెరికా రెండూ హేగ్ దత్తత ఒప్పందంలో (దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) ఉన్నాయి కాబట్టి పని ఒక వరసలో జరగాలి. ముందు ఐ-800ఏ అనే అమెరికా దరఖాస్తు ద్వారా దత్తతకు మీ అర్హత తేలాలి. తర్వాత ఆ బిడ్డ కోసం వేసిన ఐ-800 అనే దరఖాస్తుకి తాత్కాలిక ఆమోదం రావాలి. దత్తత ఆ తర్వాతే. ఇటు ఇండియాలో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి సొంత బంధువుల పిల్లలకైనా తప్పదు. వరస తప్పి దత్తత ముందే పూర్తిచేస్తే ఐ-800 తిరస్కరణకు గురవుతుంది, ఆ ముడి విప్పడం చాలా కష్టం. సాధారణంగా బిడ్డకు 16 నిండకముందే ఐ-800 వేయాలి. దంపతుల్లో ఒక్కరైనా అమెరికా సిటిజన్ అయి ఉండాలి. ఇద్దరికీ గ్రీన్‌కార్డులే ఉంటే ఈ దారి లేదు.

‘విజిటర్ వీసా మీద తెచ్చేసి ఇక్కడి కోర్టులో దత్తత చేసుకుంటే పోలా?’ అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు. వినకండి. శాశ్వత నివాసిగా చట్టప్రకారం ప్రవేశించని బిడ్డకు కోర్టు ఆర్డరు పౌరసత్వం తెచ్చిపెట్టదు.

వీసా వచ్చాక దాని మీద ఐహెచ్-3 (దత్తత ఇండియాలోనే పూర్తయితే ఇచ్చేది) అని ఉందో, ఐహెచ్-4 (దత్తత అమెరికాలో పూర్తిచేయాల్సి ఉంటే ఇచ్చేది) అని ఉందో చూడండి. 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, 18 నిండని బిడ్డ ఐహెచ్-3 మీద వచ్చి సిటిజన్ అయిన తల్లి లేదా తండ్రి దగ్గర అమెరికాలో కాపురముంటే, దేశంలో అడుగుపెట్టగానే పౌరసత్వం వచ్చేస్తుంది. పౌరసత్వ సర్టిఫికెట్‌ను సాధారణంగా యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ విభాగం) తనంతట తానే పంపుతుంది. ఐహెచ్-4 అయితే వచ్చేది గ్రీన్‌కార్డే. అక్కడి రాష్ట్ర కోర్టులో దత్తత ఖరారైతేనే పౌరసత్వం, అదీ 18 నిండేలోపే. సర్టిఫికెట్ కావాలంటే ఎన్-600 అనే దరఖాస్తు మీరే వేసుకోవాలి. కోర్టు ఆర్డరు వచ్చిన సంబరంలో ఎక్కువమంది మరిచిపోయేది ఈ ఎన్-600నే. పాస్‌పోర్టు చాలదా అంటారా? 16 ఏళ్లలోపు పిల్లలకిచ్చే పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే, సర్టిఫికెట్‌కు గడువే లేదు. నన్నడిగితే రెండూ తీసుకోమంటాను.

ఈ మధ్యలో ఉద్యోగరీత్యా ఇండియాకు మకాం మారుస్తున్నారా? బిడ్డ కాపురం అమెరికాలో లేకపోతే ఆ ఆటోమేటిక్ నియమం వర్తించదు. అప్పుడు దారి ఎన్-600కె (N-600K) అనే వేరే దరఖాస్తు. దానికి తల్లిదండ్రులు అమెరికాలో ఎన్నేళ్లున్నారన్న లెక్క కూడా చూస్తారు, పని మొత్తం 18లోపే ముగియాలి.

అశ్రద్ధ ఎంత దూరం తీసుకెళ్తుందో ఆడం క్రాప్సర్ ఉదంతం చెబుతుంది. మూడేళ్ల వయసులో కొరియా నుంచి దత్తతకు వెళ్లిన ఆయనకు పెంచినవాళ్లెవరూ పౌరసత్వం ఇప్పించలేదు. 2001 చట్టం వచ్చేనాటికే 18 దాటిపోయాయి. క్రిమినల్ కేసులున్నాయని 2016లో దక్షిణ కొరియాకు పంపేశారు.

మన పేర్లతో ఇంకో తంటా ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, బిడ్డ పేరు మొత్తం అమెరికా వీసాలో ఇంటిపేరు చోటుకు పోయి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (‘ఫస్ట్ నేమ్ అన్‌నోన్’, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. అదే గ్రీన్‌కార్డుకూ, తర్వాతి కాగితాలకూ పాకుతుంది. బర్త్ సర్టిఫికెట్, దత్తత ఆర్డరు, పాస్‌పోర్టు మూడింటిలో స్పెల్లింగూ పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇండియాలో ఉండగానే సరిచూసి దిద్దించుకోండి.

పౌరసత్వం ఖాయమయ్యాక సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో బిడ్డ స్టేటస్ మార్పించండి. భారత చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి పాత భారత పాస్‌పోర్టు మీద ఇక ప్రయాణం చేయించకండి. దాన్ని సరెండర్ చేసి, ఆ సరెండర్ సర్టిఫికెట్‌తో ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) దరఖాస్తు పెట్టండి. సెలవులకు టికెట్లు కొనేది ఓసీఐ చేతికి వచ్చాకే.