కాపీరైటు క్లెయిమ్‌కు జవాబు రాయడం – మూడో పాఠం: పాటలో ఏ పొర ఎవరిది?

ముందు రెండో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం సంగతి. యూట్యూబ్ వీడియోల మీద మూడు సందర్భాలు ఇచ్చి, మొదటి రెండింటిలో ఏది క్లెయిమో ఏది స్ట్రైకో చెప్పమన్నాను, మూడో దాంట్లో క్లెయిమ్ చెల్లుతుందో లేదో అడిగాను. వీడియో చానెల్‌లో అలాగే ఉంది, జనం చూస్తున్నారు, ప్రకటనల డబ్బు మాత్రం ఇంకెవరికో పోతోంది. ఇది క్లెయిమ్. వీడియోనే లేపేశారు, చానెల్ మీద మచ్చ పడింది. ఇది స్ట్రైక్. ఈ రెండూ సులువే, తికమక పెట్టేది మూడోది. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు సినిమా పాట వాయించారు, ఆ వీడియో యూట్యూబ్‌లో పెడితే క్లెయిమ్ వచ్చింది. ఇది చెల్లుతుందా?

‘పెళ్ళికి మినహాయింపు ఉంది కదా’ అని రాసినవాళ్ళకు సగం మార్కులు. మినహాయింపు ఉన్న మాట నిజమే. 1957 కాపీరైటు చట్టం సెక్షన్ 52 ప్రకారం మతపరమైన వేడుక జరుగుతుండగా పాట వాయిస్తే ఉల్లంఘన కాదు, పెళ్ళి ఊరేగింపూ పెళ్ళి సంబరాలూ అందులోకే వస్తాయని వివరణ కూడా ఇచ్చారు. కానీ ఆ వెసులుబాటు వేడుక జరుగుతున్నంతసేపటికే. వారం తర్వాత వీడియోను ఎడిట్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం కూడా ఊరేగింపులో భాగమేనని వాదించి నెగ్గడం కష్టం.

ఇక ఈ పాఠం. యూట్యూబ్‌లో ‘డిస్ప్యూట్’ (అభ్యంతరం) నొక్కాక ఒక ఖాళీ పెట్టె వస్తుంది కదా, అందులో ఏం రాయాలన్నదే విషయం. చాలామంది అక్కడ కోపం రాస్తారు. కోపం న్యాయమైనదే కావచ్చు గానీ, చదివే మనిషికి దానితో పని లేదు. పాటలో ఏ పొర మీద ఎవరికి హక్కుందో తేల్చి చెబితేనే ఆ జవాబుకు బలం వస్తుంది. కాబట్టి రాయడం కంటే ముందు పొరలు విడదీయడం నేర్చుకోవాలి.

మూడు పొరలు

చట్టం దృష్టిలో ఒక పాటంటే మూడు ఆస్తులు: సాహిత్యం, స్వరం, రికార్డింగు. మూడింటికీ యజమానులు వేరు కావచ్చు, గడువులూ వేరే.

సాహిత్యానికీ స్వరానికీ లెక్క ఒకటే. రాసినవారు లేదా స్వరపరచినవారు బతికున్నన్నాళ్ళూ, ఆ తర్వాత 60 ఏళ్ళూ. ఈ 60 ఏళ్ళను మరణించిన ఏడాది తర్వాతి జనవరి 1 నుంచి లెక్కపెట్టాలి. (ఇది ఒకప్పుడు 50 ఏళ్ళే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కు తీరిపోబోతోందని, 1991 డిసెంబరు చివరి నుంచి వర్తించేలా 1992లో చట్టం సవరించి పదేళ్ళు పెంచారు. ఒక్క కవి పేరు మీద దేశంలోని రచయితలందరికీ గడువు పెరిగింది.) రికార్డింగుకు మాత్రం మనిషి ఆయుష్షుతో సంబంధం లేదు. విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు, అంతే.

ఒక లెక్క చేద్దాం. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లోని ‘అహ నా పెళ్ళంట’ తీసుకోండి. రికార్డింగు గడువు 2017 డిసెంబరు 31తో మన దేశంలో తీరిపోయింది. సాహిత్యం పింగళి నాగేంద్రరావుది, ఆయన 1971లో పోయారు కాబట్టి అది 2031 చివరిదాకా ఉంటుంది. స్వరం ఘంటసాలది, 1974లో పోయారు కాబట్టి 2034 చివరిదాకా. అంటే రికార్డుకు కాలం చెల్లినా, ఆ రికార్డులో ఉన్న మాటా పాటా ఇంకా ఒకరి ఆస్తే. ‘పాత పాటే కదా’ అనే వాదన ఇక్కడే కూలిపోతుంది. పైగా ఇది మన చట్టం లెక్క మాత్రమే. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క, యూట్యూబ్ అన్ని దేశాల్లోనూ ఆడుతుంది. అందుకే కొన్ని క్లెయిమ్‌లు ఫలానా దేశాలకే పరిమితమై ఉంటాయి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. కీర్తనలు పాడేవాళ్ళకు వచ్చే క్లెయిమ్‌లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాస్త నెమ్మదిగా చదవండి.

త్యాగరాజ స్వామి 1847లో సిద్ధి పొందారు. ‘ఎందరో మహానుభావులు’కు మాట ఆయనదే, స్వరమూ ఆయనదే. రెండు పొరలూ అందరివీ. మీ వీణ మీద మీరే వాయించి రికార్డు చేస్తే మూడో పొర మీది. ఎవరికీ పైసా బాకీ లేరు.

అదే ధైర్యంతో అన్నమయ్య సంకీర్తన పెట్టారనుకోండి. అన్నమయ్య పోయింది 1503లో, త్యాగయ్యకు మూడు శతాబ్దాల ముందు. మరి ఇంకా సులువు కావాలి కదా? కాదు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఆ కాలంలో పాడిన స్వరం మాత్రం మనదాకా రాలేదు. ఇవాళ మనం పాడుకునే వరసల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు: రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు. ‘నానాటి బతుకు నాటకము’కు రేవతి రాగంలో వరస కట్టింది నేదునూరి వారు. ఆయన పోయింది 2014లో. లెక్క కట్టండి: ఆ వరస 2074 చివరిదాకా రక్షణలో ఉంటుంది. ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందన్నది వేరే ప్రశ్న, ఒప్పందాలను బట్టి తేలాలి. మీ జవాబులో మాత్రం ‘అన్నమయ్య 15వ శతాబ్దం వాడు, కాపీరైటు లేదు’ అని రాస్తే అవతలివాళ్ళు తేలిగ్గా కొట్టిపారేస్తారు. అదే సాహిత్యాన్ని మీరు సొంతంగా వరస కట్టి పాడితే మళ్ళీ ఎవరికీ బాకీ లేదు.

యంత్రం ఏం విన్నది?

యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ 2007 నుంచి ఉంది. ఆడియో కంపెనీలు తమ రికార్డింగులను అందులో నమూనాలుగా దాఖలు చేస్తాయి, మీరు ఎక్కించే ప్రతి వీడియోనూ యంత్రం వాటితో పోల్చి చూస్తుంది. అది పోలికలు మాత్రమే చూస్తుంది, హక్కులు చూడదు. ఒకే రాగం, ఒకే కృతి, ఒకే నడక, వెనక అదే శ్రుతి. శ్రద్ధగా పాఠాంతరం (గురువు నేర్పిన తీరు) తప్పకుండా వాయించేవాళ్ళకే ఈ బాధ ఎక్కువ అనిపిస్తుంది నాకు.

2018లో బ్రిటన్ పియానో కళాకారుడు జేమ్స్ రోడ్స్ తన ఇంట్లో బాఖ్ సంగీతం వాయించి ఫేస్‌బుక్‌లో పెడితే, అందులో 47 సెకన్లు తమవని సోనీ మ్యూజిక్ పేరు మీద క్లెయిమ్ పడింది. బాఖ్ పోయింది 1750లో. ఆయన అభ్యంతరం చెబితే మొదట తోసిపుచ్చారు, నలుగురికీ తెలిసి రచ్చయ్యాకే వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో ఒక సంగీతకారుడు పెట్టిన పది గంటల గరగర శబ్దం మీద, అక్షరాలా గరగర మీద, ఐదు క్లెయిమ్‌లు పడ్డాయి.

కాబట్టి రాసే ముందు క్లెయిమ్ వివరాల పేజీ తెరిచి రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి. ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా గుర్తించారు? పట్టుకున్నది ఆడియోనా, మెలొడీనా? ఆడియో అంటే ‘మా రికార్డింగు వాడావు’ అని, మెలొడీ అంటే ‘మా వరస వాడావు’ అని. అడిగినదానికే జవాబు చెప్పాలి. వీణ ఉదాహరణలో ఆడియో క్లెయిమ్ వస్తే కారణాల్లో ‘సొంత కంటెంట్’ ఎంచుకోండి. మెలొడీ అయితే ‘పబ్లిక్ డొమైన్’ (హక్కు తీరి అందరిదీ అయినది). ఎంచుకోకుండా మిగిలిన కారణాన్ని ఎలాగూ పెట్టెలో రాస్తాం.

‘ఫెయిర్ యూజ్’ (అనుమతి లేకపోయినా చట్టం ఒప్పుకునే వాడకం) అనే కారణం జోలికి అంత తేలిగ్గా వెళ్ళకండి. పది సెకన్ల లోపు వాడితే ఫర్వాలేదన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. ‘హక్కులన్నీ అసలు యజమానివే’ అని వీడియో కింద రాస్తే రక్షణ రాదు, పైగా అది మీ చేతి రాతతో ఇచ్చిన వాంగ్మూలం. అమెరికా చట్టం నాలుగు అంశాలను తూచి చూస్తుంది. మనది అలా కాదు, అనుమతించిన పనులను పేర్లు పెట్టి చెబుతుంది: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల నివేదన. సినిమా సమీక్షలు చేసేవాళ్ళకు ఇది పనికొస్తుంది. అయితే ప్రతి క్లిప్ దగ్గరా మీరు దాని గురించి ఏదో మాట్లాడి ఉండాలి. క్లిప్ నడుస్తుంటే మీరు టీ తాగుతూ కూర్చున్నట్టుంటే అది సమీక్ష కాదు.

రెండు జవాబులు

ఒకే క్లెయిమ్‌కు రెండు రకాల జవాబులు చూడండి. మొదటిది:

‘సార్, నేను ఎంతో కష్టపడి ఈ వీడియో చేశాను. చిన్న చానెళ్ళను మీ కంపెనీ ఇలా దోచుకోవడం అన్యాయం. త్యాగరాజ స్వామి మీ సొత్తా? ఆయన అందరివాడు. వెంటనే క్లెయిమ్ తీసేయండి, లేకపోతే కోర్టుకు వెళ్తాను.’

ఇందులో పనికొచ్చే వాక్యం ఒకటుంది, ‘ఆయన అందరివాడు’. దాన్ని కూడా భక్తిగా అన్నారు తప్ప చట్టం మాటగా అనలేదు. రెండోది:

‘ఈ వీడియోలో వినిపించేది త్యాగరాజ స్వామి (1767–1847) రచించి స్వరపరచిన శ్రీరాగ కీర్తన. ఆయన మరణించి 60 ఏళ్ళు ఎప్పుడో దాటాయి కనుక, భారత కాపీరైటు చట్టం 1957 సెక్షన్ 22 ప్రకారం సాహిత్యం మీద గానీ స్వరం మీద గానీ ఎవరికీ కాపీరైటు లేదు. వీణ వాయించింది నేనే, రికార్డు చేసింది నేనే. మీరు గుర్తించిన 2:10 నుంచి 5:42 వరకు భాగంలో మీ రికార్డింగు నుంచి తీసుకున్న శబ్దం ఏదీ లేదు. అదే భాగంలో నా చేతులు తీగల మీద కనిపిస్తాయి. ఎడిట్ చేయని అసలు ఫైలు నా దగ్గర ఉంది. క్లెయిమ్ ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాను.’

మూడు పొరలూ వరసగా వచ్చాయి, ఏదీ వదిలిపెట్టలేదు. చేతులు కనిపిస్తాయన్న వాక్యం చూడండి. చదివే ఉద్యోగి వీడియో తెరిచి ఆ నిమిషానికి వెళ్తే పది సెకన్లలో సంగతి తేలిపోతుంది. అతని పని తేలిక చేయడమే మన నేర్పు. బెదిరింపు లేదు, ఎందుకంటే ఈ దశలో అవసరం లేదు. ముందు తెలుగులోనే రాసుకోండి, ఆలోచన తిన్నగా వస్తుంది. పంపేటప్పుడు ఇంగ్లీషులో పంపండి, చదివేవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారో చెప్పలేం.

పంపే ముందు ఒకసారి ఆలోచించుకోండి: శ్రుతి, తాళం ఏదైనా యాప్‌లోంచి వాడారా? కరోకే ట్రాకు కలిపారా? అలా చేస్తే ‘శబ్దం ఏదీ లేదు’ అనే వాక్యం అబద్ధమవుతుంది. నిజంగానే వేరేవాళ్ళ రికార్డింగు వాడి ఉంటే డిస్ప్యూట్ జోలికి పోవద్దు. ఆ ముక్క కత్తిరించడమో పాట మార్చడమో యూట్యూబ్‌లోనే చేసుకోవచ్చు, క్లెయిమ్ దానంతట అదే పోతుంది.

గడువులు

క్లెయిమ్ పడిన ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే, క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెడుతుంది. ఆ తర్వాత వేస్తే వేసిన రోజు నుంచే. కొత్త వీడియోకు చూపులు ఎక్కువగా వచ్చేది మొదటి వారంలోనే కాబట్టి ఈ ఐదు రోజులకు విలువ ఎక్కువ. అవతలివాళ్ళకు జవాబివ్వడానికి 30 రోజులు. వాళ్ళు పలకకపోతే క్లెయిమ్ రద్దవుతుంది.

పలికితే? ఇక్కడే ఒళ్ళు మండే సంగతి. మీ అభ్యంతరాన్ని మొదట విచారించేది యూట్యూబ్ కాదు, క్లెయిమ్ వేసినవాళ్ళే. ఫిర్యాదుదారే తీర్పరి. ఈ ఏర్పాటులో ఎంత సందు ఉందో అమెరికాలో ఒక కేసులో బయటపడింది. తమవి కాని లాటిన్ సంగీతం పాటలు 50,000కు పైగా తమవేనని చెప్పుకొని ఇద్దరు మనుషులు 2 కోట్ల డాలర్లకు మించి రాయల్టీలు లాగేశారు. 2021లో అరిజోనాలో వాళ్ళ మీద నేరారోపణ జరిగింది, ఇద్దరూ ఒప్పుకున్నారు, శిక్షలు పడ్డాయి. అసలు కళాకారులకు మాత్రం ఏళ్ళ తరబడి ఆ డబ్బు అందలేదు.

వాళ్ళు తోసిపుచ్చితే అప్పీలు ఉంది. దానికి వాళ్ళకు ఏడు రోజులే గడువు, ఆపైన పట్టుబట్టాలంటే వాళ్ళు చట్టబద్ధమైన తొలగింపు నోటీసు ఇవ్వాలి. అది వస్తే మీ చానెల్ మీద స్ట్రైక్ పడుతుంది. అంటే అప్పీలు మెట్టు దాకా మీకు పోయేది సాధారణంగా సమయమే, ఆ మెట్టు ఎక్కాక చానెల్ పణంగా పెడుతున్నట్టే. త్యాగయ్య వీణ కేసులో నేనైతే ఎక్కుతాను. ‘నానాటి బతుకు’ కేసులో ఎక్కను.

ఆ మెట్టు మీద ఏం రాయాలి, తొలగింపు నోటీసుకు ఎదురు నోటీసు (కౌంటర్ నోటీసు) ఎలా ఇవ్వాలి, ఉత్తుత్తి హక్కులు చెప్పి బెదిరించేవాళ్ళ మీద మన చట్టంలోని సెక్షన్ 60 ఎలా పనికొస్తుంది, ఫిర్యాదులు వినే గ్రీవెన్స్ అధికారికి, ఆపైన కేంద్రం పెట్టిన అప్పీలు కమిటీకి ఎప్పుడు వెళ్ళాలి – ఇవి నాలుగో పాఠంలో.

అభ్యాసం

ఒకటి: గురజాడ అప్పారావు 1915లో పోయారు. ‘దేశమును ప్రేమించుమన్నా’కు మీ పక్కింటి అబ్బాయి కొత్త వరస కట్టాడు, మీ అమ్మాయి పాడింది. మూడు పొరలూ విడదీసి, మీరు ఎవరి దగ్గర అనుమతి తీసుకోవాలో రాయండి.

రెండు: శ్రీశ్రీ 1983లో పోయారు. ఆయన కవిత ఒకటి చదివి వీడియో పెట్టాలంటే ఏ ఏడాది జనవరి దాకా ఆగాలి? ఆగకుండా పెట్టగలిగే దారి సెక్షన్ 52లో ఏదైనా ఉందా?

మూడు: రాళ్ళపల్లి వారు 1979లో పోయారు. ఆయన కట్టిన వరసలో అన్నమయ్య సంకీర్తనను మీరు వేణువు మీద వాయించారు, నోటితో ఒక్క మాట పాడలేదు. మెలొడీ క్లెయిమ్ వచ్చింది. డిస్ప్యూట్ వేస్తారా, మానేస్తారా? వేసేటట్లయితే ఆరు వాక్యాలకు మించకుండా రాయండి. మానేసేటట్లయితే ఎందుకో ఒక్క వాక్యం చాలు.