ఎండలు ముదరకముందే కారు ఏసీ లీకు మీరే చూసుకోవాలనుకుంటే

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక గానీ కారు ఏసీ మనకి గుర్తు రాదు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, గాలి వస్తుంది, చల్లదనం మాత్రం ఉండదు. షాపుకి తీసుకెళ్తే గ్యాస్ ఎక్కించి పంపిస్తారు, నెల తిరక్కుండానే మళ్లీ వేడిగాలి. ఇక అప్పుడు ఆన్‌లైన్‌లో గ్యాస్ డబ్బా, గేజు తెప్పించుకుని మనమే చూసేద్దాం అనిపిస్తుంది. చూడండి, తప్పేం లేదు. కాకపోతే లీకు వెతకడం వేరు, పైపు విప్పడం వేరు. మొదటిది ఓపికుంటే ఎవరైనా చేసుకోవచ్చు, రెండోది మాత్రం షాపులో మెషిన్ పెట్టి గ్యాస్ మొత్తం లాగించాకే.

ముందుగా ఒక మాట. ఏసీ వేసి ఆపిన కారు కింద నీళ్లు కారుతుంటే అది లీకు కాదు. కూలింగ్ కాయిల్ మీద పట్టిన తేమే డ్రెయిన్ పైపులోంచి బయటికి పోతోంది. నీళ్లు బయటికి రాకుండా కారు లోపల మ్యాట్ తడుస్తుంటే ఆ పైపు మూసుకుపోయిందని అర్థం, దానికీ గ్యాస్‌కీ సంబంధం లేదు.

పోయినేడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. ఏసీ పైపు మీద గ్యాస్ ఎక్కించే వాల్వ్ మూత తీసి, సైకిల్ ట్యూబులో గాలి ఉందో లేదో చూసినట్టు, లోపలి పిన్నుని చిన్న స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. తుస్సుమని తెల్లగా చిమ్మింది, కంప్రెసర్ కోసం గ్యాస్‌తో కలిసి తిరిగే నూనెతో సహా. చూపుడు వేలి కొస క్షణంలో తెల్లగా పాలిపోయి మొద్దుబారింది, సాయంత్రానికి బొబ్బ. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ బయటి గాలిలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, అంటే ద్రవంగా చర్మం మీద పడితే అక్కడి వేడినంతా లాగేసుకుంటుంది. వేలు కాబట్టి సరిపోయింది, కంట్లో పడి ఉంటే చూపుకే ముప్పు. పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా బానెట్ కింద చెయ్యి పెట్టొద్దు. చర్మం మీద పడితే రుద్దకండి, వేడినీళ్లు పోయకండి, గోరువెచ్చని నీళ్లు చాలు. కంట్లో పడితే మంచినీళ్లతో పావుగంట ఆగకుండా కడిగి, వెంటనే హాస్పిటల్‌కి.

ఇంజిన్ ఆపి ఉన్నా లోపల ప్రెషర్ పోదు. బయట 35 డిగ్రీలుంటే పైపుల్లో సుమారు 115 పీఎస్ఐ ఉంటుంది, టైరులో కొట్టించే గాలికి మూడింతలకు పైనే. ఇక్కడే చాలామంది గేజు చూసి మోసపోతారు. సిస్టమ్‌లో గ్యాస్ కాస్తయినా ద్రవంగా మిగిలి ఉన్నంతవరకు, బండి ఆపి ఉన్నప్పుడు ఆ అంకె బయటి వేడిని బట్టే ఉంటుంది గానీ గ్యాస్ ఎంతుందో చెప్పదు. గేజు బాగానే చూపిస్తోంది కదా అని కూర్చోకండి. సరిగ్గా నింపాలంటే తూకమే దారి, ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

లీకు వెతకాలంటే ఇంజిన్, ఏసీ ఆపేసి, కారు నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. షట్టర్ వేసిన గదిలో వద్దు, ఈ గ్యాస్ గాలి కంటే బరువు, కిందనే పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. సిగరెట్, గ్యాస్ స్టవ్ దగ్గరికి రానివ్వకండి, మంట తగిలితే విషవాయువు పుడుతుంది. ముందు కళ్లతోనే చూడండి: గ్యాస్‌తో పాటు నూనె కూడా చెమర్చుతుంది కాబట్టి లీకున్న చోట జిడ్డు, దాని మీద దుమ్ము అట్టకట్టి నల్లగా కనిపిస్తుంది. నా కారుకి అది కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) కింది మూలలో, రాయి తగిలిన చోట దొరికింది. తర్వాత డిష్‌వాష్ సబ్బు నీళ్లు చిక్కగా కలిపి జాయింట్లకి బ్రష్‌తో రాసి, రెండు నిమిషాలు కదలకుండా చూడండి. చిన్న లీకైతే బుడగ మెల్లగా ఊరుతుంది, తొందరపడితే కనిపించదు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, వేళ్లు జాగ్రత్త.

గ్యాస్ డబ్బా తగిలించాలనుకుంటే తక్కువ ప్రెషర్ ఉండే లో సైడ్‌కే, అంటే చిన్న వాల్వ్‌కే. కంప్రెసర్ తిరుగుతుండగా హై సైడ్‌లో 200 పీఎస్ఐ దాటుతుంది, అది తిరిగి డబ్బాలోకి తన్నితే డబ్బా పేలుతుంది. లీకు మూసేస్తుందని అమ్మే సీలెంట్ మాత్రం పొయ్యొద్దు, కూలింగ్ కాయిల్‌లోకి గ్యాస్‌ని సన్నగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుపోతే చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. ఇక చవగ్గా వస్తుందని వంట గ్యాస్ లాంటివి ఎక్కించే మహానుభావులున్నారు. కూలింగ్ కాయిల్ ఉండేది మీ పిల్లలు కూర్చునే క్యాబిన్ గాలి దారిలో, అది గుర్తుంచుకోండి. టైర్ షాపు కంప్రెసర్ గాలితో టెస్ట్ చేయడం కూడా వద్దు, ప్రెషర్‌లో గాలితో కలిస్తే ఆర్-134ఏ కూడా అంటుకునే వీలుంది, పైగా తేమ లోపలికి పోతుంది.

షాపులో గ్యాస్ లాగించాక జాయింట్‌లోని రబ్బరు రింగు, అంటే ఓరింగ్, మీరే మార్చుకుంటానంటే మార్చుకోండి. అల్యూమినియం జాయింట్‌కి రెండు స్పానర్లు వాడాలి, ఒకదానితో పట్టుకుని రెండోదానితో తిప్పాలి, లేకపోతే పైపే మెలి తిరుగుతుంది. పాత ఓరింగ్ మళ్లీ వేయొద్దు. విప్పిన పైపు మూతికి వెంటనే ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి, లోపలి నూనె తేమని దాహంతో ఉన్నట్టు తాగేస్తుంది, కోస్తా ఉక్కలో మరీను. సిస్టమ్ ఎక్కువసేపు తెరిచి ఉంటే తేమ పీల్చే డ్రయర్ కూడా మార్చించాలి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పట్టించి, అంటే లోపలి గాలి, తేమ మెషిన్‌తో లాగించి, ఆ వాక్యూమ్ నిలబడుతుందో లేదో మీ ఎదురుగానే చూపించమనండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లవాళ్లు ఇందులో ఏదీ ముట్టుకోవద్దు. వాటి కంప్రెసర్‌కి వందల వోల్టుల కరెంటు వెళ్తుంది, నారింజ రంగు వైరు కనిపిస్తే బానెట్ మూసేయండి. కూలింగ్ కాయిల్ లీకైతే కూడా అంతే, డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి, ఎయిర్‌బ్యాగ్ వైర్లుంటాయి. ఆ పని నేనైతే మెకానిక్‌కే వదిలేస్తాను.