కొమ్మను దించే మోకుకు ఏ రాపిడి ముడి వేయాలి?

పెంకుటింటి మీదికి వాలిన వేప కొమ్మను కోయాలంటే, ముందుగా దాన్ని మోకుతో పైకి లాగి బిగించాలి. కొమ్మ నుంచి చెట్టు పైన కట్టిన కప్పీ (గిలక) మీదుగా దిగిన మోకు, చెట్టు మొదలుకు రెండు మూడు చుట్లు తిరిగి కింది మనిషి చేతిలో ఉంటుంది. నడుమ ఆ మోకును పట్టి కిందికి గుంజడానికి రాపిడి ముడి కావాలి. సన్న తాడును మోకుకు చుడితే లాగినప్పుడు బిగుసుకుంటుంది, వదిలితే చేత్తో జరపవచ్చు.

ముందు లాగుడు ఏ వైపో చూడండి. రెండు వైపులా పట్టాలంటే ప్రూసిక్ ముడి వేయాలి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. అయితే బరువు పడ్డాక అది మొండికేస్తుంది, విప్పడం కష్టం. మన పనిలో లాగుడు కిందికే కాబట్టి నేను ఒకే వైపు పట్టే క్లెమ్‌హైస్ట్ ముడి వేస్తాను. రెండు కొసలూ కలిపి ముడివేసిన తాడును మోకుకు నాలుగైదు చుట్లు చుట్టి, పైన మిగిలిన కన్నంలోంచి రెండో వైపును దూర్చి కిందికి లాగాలి. తలకిందులుగా వేస్తే పట్టదు.

తరువాత తాడు మందం. 12 మి.మీ. మోకుకు 8 మి.మీ. తాడు సరిపోతుంది. ఒకసారి చేతికందిందని 10 మి.మీ. గట్టి తాడు చుట్టాను, ఎన్ని చుట్లు వేసినా జారుతూనే ఉంది. మరీ సన్నదైతే బాగా పట్టినా బరువుకు తెగిపోవచ్చు. మెత్తగా వంగే నైలాన్ లేదా పాలియెస్టర్ తాడు తీసుకోండి. డైనీమా అనే కృత్రిమ నార తాడు బలమైనదే కానీ నున్నగా జారుతుంది, సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది.

చుట్లు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా సర్ది, చేత్తో బిగించండి. ముడి అంచున మోకు మీద సుద్దగీత గీసి, ఒంటి బరువంతా వేసి లాగండి. గీత ముడి నుంచి దూరమైతే జారుతున్నట్టే. ఇంకో చుట్టు వేసి మళ్లీ చూడండి. వానకు తడిసిన మోకు మీద ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇది: కోసిన కొమ్మ కుదుపును ఈ ముడి మీద పడనివ్వకండి. కుదుపుకు ముడి జారుతుంది, ఆ వేడికి తాడు కరిగిపోవచ్చు. గుంజుతున్నంతసేపూ కింది మనిషి చెట్టు మొదలు దగ్గర వదులును లాగేసుకుంటూ ఉండాలి. మోకు బిగిశాక బరువంతా చెట్టు మొదలుకు తిప్పిన చుట్ల మీదికి మార్చి, రాపిడి ముడిని విప్పేశాకే రంపం ఆడించమని చెట్టు మీదున్న మనిషికి చెప్పాలి. కొమ్మను దించేది కూడా ఆ చుట్ల మీదుగానే.

పని అయ్యాక ముడితాడును వేళ్ల మధ్య రాస్తూ చూడండి. ఎక్కడైనా గాజులా నున్నగా, గట్టిగా తగిలితే ఆ తాడును పక్కన పెట్టేయండి. బరువు లాగిన తాడును మనిషి చెట్టెక్కడానికి ఎన్నడూ వాడకండి.