చెరకు పిప్పితో విద్యుత్తు – 3వ పాఠం: పిప్పిలో తేమ లెక్క

టన్ను చెరకు ఆడితే సుమారు 280 నుంచి 300 కిలోల పిప్పి వస్తుందని గత పాఠంలో చూశాం. చివరి మిల్లు దాటి వచ్చే ఆ పిప్పిలో దాదాపు సగం బరువు నీరే. ఆ నీటిని ఆవిరి చేయడానికి కావలసిన వేడి కూడా పిప్పి నుంచే ఖర్చవుతుంది. అనకాపల్లి వైపు బెల్లం వండే రైతులకు ఈ సంగతి అనుభవంలోనే తెలుసు. గానుగ పక్కన పిప్పిని పలుచగా పరిచి, తిరగేస్తూ, చేతిలో నలిపితే గలగలమనే దాకా ఎండబెట్టిన తర్వాతే పొయ్యిలోకి తోస్తారు. రోజుకు వేల టన్నులు ఆడే కర్మాగారానికి అంత ఎండబెట్టే వీలు ఉండదు కనుక, తేమను మిల్లు దగ్గరే తగ్గించాలి.

ముందుగా తేమను కొలవడం నేర్చుకుందాం. బెల్టు మీద ఒక్క చోట నుంచి పిడికెడు తీస్తే సరిపోదు. రోలర్లు అంతటా ఒకేలా పిండవు కాబట్టి రెండు అంచుల నుంచి, మధ్య నుంచి తీసి కలపాలి. వెంటనే మూత బిగించాలి, ఎందుకంటే వేడి పిప్పి నిమిషాల్లో ఆరడం మొదలుపెట్టి మనల్ని మోసం చేస్తుంది. 100 గ్రాములు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గని దాకా ఉంచితే, తగ్గిన గ్రాములే తేమ శాతం.

ఇప్పుడు సూత్రం. తేమ శాతం ‘త’, పిప్పిలో మిగిలిన చక్కెర శాతం ‘చ’ అనుకుంటే:

కిలోకు నికర ఉష్ణం (కిలో కేలరీలు) = 4250 − (12 × చ) − (48.5 × త)

చక్కెర 2 శాతం, తేమ 50 శాతం అయితే 1,801 వస్తుంది. తేమ 45కు దిగితే దాదాపు 2,043. అంటే 13 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, అది పొరపాటు. తేమ తగ్గితే పిప్పి బరువూ తగ్గుతుంది: 300 కిలోల పిప్పిలోని 150 కిలోల పొడి పదార్థం మారదు, మొత్తం బరువు మాత్రం 273 కిలోలకు పడిపోతుంది. టన్ను చెరకుకు లెక్క కడితే ఉష్ణం సుమారు 5,40,000 నుంచి 5,57,000 కిలో కేలరీలకు, అంటే 3 శాతమే పెరుగుతుంది. అయినా ఇది చిన్న లాభం కాదు. సీజన్ పొడుగునా ప్రతి టన్నుకూ అందుతుంది, పైగా కొలిమిలో మంట నిలకడగా ఉండి, అదనపు గాలి తక్కువ సరిపోతుంది.

తేమ తగ్గించడానికి చివరి మిల్లులో చల్లే నీటిని కోసేయాలన్న ఆలోచన మాత్రం నాకు సమ్మతం కాదు. అలా చేస్తే రసం పిప్పిలోనే ఉండిపోయి, అమ్మవలసిన చక్కెర బాయిలర్‌లో కాలిపోతుంది. అరిగిన రోలర్ పళ్ళను సరిచేయడం, రసం జారే గాడులు పూడిపోకుండా చూడడం, పై రోలర్ మీద ఒత్తిడిని సరిగా నిలపడం ముందు చేయవలసిన పనులు.

అభ్యాసం: తేమ 52, చక్కెర 2.5 శాతం, పొడి పదార్థం అదే 150 కిలోలు అనుకొని రెండు లెక్కలూ కట్టండి. కిలోకు 1,698, టన్ను చెరకుకు సుమారు 5,31,000 రావాలి.