షుగర్ మాత్రలు వేసుకుంటూ ఆకులు, పొడులు, రసాలు వాడేవారు చూసుకోవలసినవి

పొద్దున్నే మెంతుల నీళ్ళు, కాసేపటికి కాకర రసం, రాత్రికి నేరేడు గింజల పొడి. వీటితో పాటు డాక్టరు రాసిన మాత్రలు ఎలాగూ ఉంటాయి. ఆస్పత్రిలో మాత్రం మాత్రల పేర్లే చెబుతాం, మిగతావి చెప్పం. డాక్టరు కోప్పడతారని కొందరు, అవి మందులే కావని కొందరు ఊరుకుంటారు. చక్కెర తగ్గించే గుణం ఆ మొక్కకి నిజంగా ఉంటే అది మందే, లేకపోతే వాడటమే దండగ. మాత్రకి ఏ లెక్క పెడతామో దానికీ అదే లెక్క పెట్టాలి.

ముందు మీ మాత్రల అట్ట వెనక్కి తిప్పి చదవండి. పెద్ద అక్షరాల్లో ఉండేది బ్రాండు పేరు, మీకు కావలసింది చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉండటం మామూలే. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్‌లలో ఏదైనా ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. ఆ మాత్రలు మీరు తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. దానికి చక్కెర తగ్గించే మొక్క కూడా తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ ప్రమాదం చాలా తక్కువ.

కొత్తగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ఈ వరుసలో వెళ్ళండి.

1. మొదలుపెట్టకముందే ఐదు రోజులు పరగడుపున ఒకసారి, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకి ఒకసారి గ్లూకోమీటరుతో చూసి నోటుబుక్కులో రాయండి. ఈ అంకెలు లేకపోతే తగ్గిందో లేదో చెప్పడానికి ఆధారమే ఉండదు.

2. మొక్క పేరు, ఏ భాగం (ఆకా, గింజా, బెరడా), పచ్చిదా పొడా, రోజుకి ఎన్ని గ్రాములు అన్నది కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. చెంచా లెక్క వద్దు. మెత్తటి పొడి, బరక పొడి చెంచాలో ఒకే బరువు తూగవు. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి.

3. ఒకసారికి ఒక్కటే, రెండు వారాల పాటు. మూడు కలిపి మొదలుపెడితే తేడా వచ్చినప్పుడు కారణం ఏదో తేలదు. ఆ రెండు వారాలూ రోజూ అవే రెండు వేళల్లో పరీక్ష చేసుకోండి.

4. ఏ ఒక్కసారి 70 కంటే తక్కువ వచ్చినా ఆ మొక్క ఆపి డాక్టరుకి చెప్పండి. అంకెలు బాగున్నాయని మాత్ర మీ అంతట మీరు సగం చేయకండి. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చూపించేది సుమారు మూడు నెలల చక్కెర సగటు కాబట్టి రెండు వారాలకి దాన్ని చూసి ఏమీ నిర్ణయించలేం.

మెంతుల సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఇచ్చింది రోజుకి 100 గ్రాముల మెంతిపొడి, అదీ నూనె తీసేసింది, మధ్యాహ్నం సగం, రాత్రి సగం భోజనంతో పాటు. రాత్రి చెంచాడు గింజలు నానబెట్టి ఆ నీళ్ళు మాత్రమే తాగి అదే ఫలితం రావాలనుకోవడం కుదరదు. మెంతుల్లోని జిగురు పీచు చక్కెరని నెమ్మదిగా పీల్చుకునేలా చేస్తుంది, నీళ్ళు వంపుకుని తాగితే అందులో చాలా భాగం గింజలోనే ఉండిపోతుంది. అదే జిగురు మాత్రని కూడా ఆలస్యం చేయగలదు కనుక మెంతులకీ మాత్రలకీ మధ్య రెండు గంటలు వదలండి. ఇసబ్‌గోల్‌కీ ఇదే మాట. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

షుగర్‌కని వాడే ఆకుల్లో పొడపత్రి ఒకటి. ఆ పేరుతో అమ్మేది నిజంగా పొడపత్రేనా అన్నది ఇంట్లోనే చూడొచ్చు. శుభ్రంగా కడిగిన ఒక ఆకుని నిమిషం నమిలి ఉమ్మేసి, నోట్లో చిటికెడు పంచదార వేసుకోండి. అసలు ఆకు అయితే తీపి తెలియదు, ఇసుక నమిలినట్టుంటుంది. అరగంటో గంటో అలాగే ఉండి రుచి తిరిగి వస్తుంది. అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే చోట్లని కాసేపు అడ్డుకోవడమే కారణం. ఇక్కడొక సంగతి ఇంటిల్లిపాదికీ తెలియాలి: ఆకు నమిలాక చక్కెర పడిపోతే, తాగిన గ్లూకోజు తియ్యగా అనిపించకపోయినా అది పనిచేస్తుంది, తాగాల్సిందే.

కాకర రసంలో సొరకాయ కలపకండి. కొన్ని సొరకాయల్లో కుకుర్బిటాసిన్లనే చేదు విషపదార్థాలు పెరుగుతాయి. సొరకాయ రసం తాగి ప్రాణం పోయిన ఘటనల తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ చెప్పింది ఇదే: ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదుగా ఉంటే పారేయండి, వేరే రసాలతో కలపకండి. కాకర చేదులో సొరకాయ చేదు తెలియకుండా పోతుంది, అసలు ముప్పు అక్కడే. తాగాక వాంతులు, కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు మొదలైతే ఇంటి వైద్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్ళండి. గర్భిణులు కాకర రసం జోలికే వెళ్ళకూడదు.

బిళ్ళగన్నేరు ఆకు నమిలే అలవాటుంటే ఈ రోజే మానేయండి. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ మొక్క మీద పరిశోధన మొదలుపెట్టింది షుగర్‌కి పనిచేస్తుందన్న మాట విని. ఎలుకల్లో చక్కెర పెద్దగా తగ్గలేదు, తెల్లరక్తకణాలు పడిపోయాయి. అక్కడి నుంచి వచ్చిందే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు, విన్‌క్రిస్టిన్ కూడా ఆ మొక్కదే. ఎముక మజ్జని అణిచే పదార్థాలున్న ఆకుని మోతాదు తెలియకుండా రోజూ నమలడానికి ఏ కారణమూ లేదు.

పేరూ చీటీ లేని పొడులు ఎంత నమ్మకస్తులు ఇచ్చినా తీసుకోకండి. ఇలాంటి కొన్నింటిలో గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలే నూరి కలిపినట్టు పరీక్షల్లో బయటపడింది. రెండు మూడు రోజుల్లోనే చక్కెర విపరీతంగా తగ్గితే ఆ అనుమానం పెట్టుకోవాలి. డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి.

చక్కెర పడిపోతున్న గుర్తులు: చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, తికమక మాటలు. మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీపీ మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే పంచదార త్వరగా అరగదు, గ్లూకోజు పొడే కావాలి, ఇంట్లో ఎప్పుడూ ఒక డబ్బా ఉంచుకోండి. 15 నిమిషాలకి మళ్ళీ పరీక్షించి, ఇంకా 70 దాటకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉండొచ్చు కాబట్టి పెద్దవాళ్ళనీ కిడ్నీ జబ్బున్నవాళ్ళనీ తేరుకున్నా ఆస్పత్రిలో చూపించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

షుగర్‌తో పాటు వేరే జబ్బులున్నవారికి కొన్ని మాటలు. బీపీ ఉంటే దగ్గుకని అతిమధురం రోజూ వాడొద్దు, ఒంట్లో ఉప్పు నిలిపి పొటాషియం తగ్గిస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, అసెనోకౌమరాల్ వాడేవారు ఏ మూలిక మొదలుపెట్టినా, మానేసినా వారంలోపు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) చూపించుకోవాలి. తిప్పతీగ వాడుతుండగా కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆపేసి లివర్ పరీక్ష చేయించుకోండి, 2021లో ముంబయి వైద్యులు అలాంటి కేసులు ప్రచురించారు. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే మత్తు డాక్టరుకి వాడేవన్నీ చెప్పండి.

ఏదైనా వికటిస్తే మిగిలిన పొడి, డబ్బా, బిల్లు పారేయకుండా డాక్టరుకి చూపించండి. మందుల దుష్ఫలితాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉంది. రోగి ఇంటివాళ్ళు కూడా చెప్పొచ్చు. వాడిన మాత్రల పేర్లూ, మొక్క పేరూ, మొదలుపెట్టిన తేదీ, గుర్తులు కనిపించిన తేదీ చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి.