పని పోయిందా? విజయవాడ, గుంటూరుల్లో ఉచిత శిక్షణతో కొత్త పని ఎలా మొదలుపెట్టాలి?

గవర్నర్‌పేటలో నేను 14 ఏళ్లు పనిచేసిన ప్రింటింగ్ ప్రెస్ మూతపడేటప్పటికి నాకు 38 ఏళ్లు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, గైడ్లు డీటీపీ చేయడం తప్ప ఇంకో పని రాదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు కదా. ఆ టెన్షన్‌లో ‘జాబ్ గ్యారంటీ’ అన్న బోర్డు చూసి ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో 18 వేలు కట్టాను. మూడు నెలలు తిరిగాక ఒక కాగితం చేతిలో పెట్టారు. దాన్ని ఏ కంపెనీవాళ్లూ తెరిచి కూడా చూడలేదు. ఆ తర్వాత ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే శిక్షణలో ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ పని నేర్చుకున్నాను. ఇవాళ మా ఇల్లు ఆ పని మీదే నడుస్తోంది. నాలాగా ఇంకెవరూ డబ్బు, కాలం పోగొట్టుకోకూడదని ఇదంతా వరసగా రాస్తున్నాను.

1. కోర్సు కంటే ముందు పనిని చూసి రండి

చాలామంది ముందు కోర్సులో చేరతారు, అది పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కుంటారు. నేనూ మొదటిసారి అదే చేశాను. రెండోసారి తిరగేసి మొదలుపెట్టాను. వారం రోజులు ఊళ్లు తిరిగి, ఎక్కడ ఏ పనివాళ్లు దొరకడం లేదో అడిగాను.

మన రెండు ఊళ్లలో ఈ తిరుగుడు తేలికే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట నడిస్తే లారీ బాడీ కట్టేవాళ్లు, వెల్డర్లు, లేత్ మెషిన్ వాళ్లు, పెయింటర్లు, ఆటో ఎలక్ట్రీషియన్లు అందరూ కనిపిస్తారు. సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులు వరసగా ఉంటాయి. రోగుల్ని కనిపెట్టుకుని ఉండే సహాయకులు, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు అక్కడ ఎప్పుడూ కావాలి. అమరావతి పనుల వల్ల రాడ్ బెండింగ్, సెంట్రింగ్, వైరింగ్, ప్లంబింగ్ తెలిసినవాళ్లకు గిరాకీ ఉంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలున్నాయి. ధర రాని మిరపకాయ నెలల తరబడి వాటిలోనే ఉంటుంది. అక్కడి చల్లదనం ఎక్కువగా అమోనియా ప్లాంట్లతో వస్తుంది. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్ లేకపోతే సరుకు పాడవుతుంది, గ్యాస్ లీకైతే ప్రాణాలకే ప్రమాదం.

అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీలో పెద్ద మేస్త్రీని, ఏ సర్టిఫికెట్ ఉంటే తీసుకుంటారని అడిగాను. ‘కాగితం తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు కంప్రెసర్ శబ్దం విని అది బాగుందో లేదో చెప్పగలవా?’ అన్నాడు. నేను ఏ పని నేర్చుకోవాలో ఆ మాటతో తేలిపోయింది.

వెళ్లిన ప్రతిచోటా మూడు సంగతులు అడగండి. ఏ పనికి మనుషులు దొరకడం లేదు? కొత్తగా చేరినవాడికి మొదటి ఆరు నెలలు ఎంత ఇస్తారు? ఏడాదిలో ఏ నెలల్లో పని ఎక్కువ? మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నా మట్టుకు అదే ముఖ్యం.

2. మీకు సరిపోయే పథకం ఏదో తేల్చుకోండి

అన్ని పథకాలూ అందరికీ వర్తించవు. వయసు, చదువు, ఉండేది పల్లెలోనా పట్నంలోనా అన్నదాన్ని బట్టి మారతాయి.

పల్లెల్లోని పేద కుటుంబాల యువతకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. 2014లో మొదలైంది. వయసు 15 నుంచి 35 లోపు ఉండాలి. ఆడవాళ్లకు, దివ్యాంగులకు 45 వరకు సడలింపు ఉంది. మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే సంస్థ చూస్తుంది.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన 2015లో వచ్చింది. కొన్ని నెలల్లో ముగిసే చిన్న కోర్సులు ఇందులో ఉంటాయి. పల్లె, పట్నం తేడా లేదు. ఇందులోనే ఇంకో మంచి ఏర్పాటు కూడా ఉంది. పదేళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్నా చేతిలో ఏ కాగితమూ లేనివాళ్లుంటారు. అలాంటివాళ్లకు వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. మా వీధిలోనే అలాంటివాళ్లు నలుగురున్నారు, వాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

ఉద్యోగం కాకుండా సొంతంగా టైలరింగో, సెల్‌ఫోన్ రిపేరో, పాడి పశువులో పెట్టుకోవాలనుకుంటే ఆర్‌సెటీ, అంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ, మంచిది. కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెటీ నమూనాను చూసి, జిల్లాకొకటి చొప్పున బ్యాంకులు వీటిని నడుపుతున్నాయి. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. కోర్సు అయ్యాక రెండేళ్లపాటు మీరేం చేస్తున్నారో కనుక్కుంటూ, బ్యాంకు లోను విషయంలో సాయపడతారు. పెద్దగా చదువుకోని ఆడవాళ్లకు జన శిక్షణ సంస్థాన్ తరగతులు దగ్గర్లోనే దొరుకుతాయి.

ఏడాది, రెండేళ్లు ఆగగలిగితే ఐటీఐని మించింది లేదని నా అభిప్రాయం. వెల్డర్ కోర్సు ఏడాది, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. పదో తరగతి చాలు, వెల్డర్ లాంటి కొన్నిటికి ఎనిమిది చాలు. గరిష్ఠ వయోపరిమితి లేదు. ‘ఈ వయసులో ఐటీఐ ఏంటి’ అని సిగ్గుపడి ఆగిపోకండి. గన్నవరం దగ్గర సూరంపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్‌లో ప్లాస్టిక్ పరిశ్రమకు సంబంధించిన కోర్సులుంటాయి, ఆత్కూరులో స్వర్ణభారత్ ట్రస్టు కూడా వృత్తి శిక్షణ ఇస్తుంది.

వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, దర్జీ, మంగలి, తాపీ మేస్త్రీ లాంటి 18 చేతివృత్తుల్లో ఇప్పటికే ఉన్నవాళ్లకు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేలు ఇస్తారు. 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల లోను దొరుకుతుంది.

వీటిలో ఏది మీకు వర్తిస్తుందో తేలకపోతే ముందు మీ వార్డు లేదా గ్రామ సచివాలయంలో అడగండి. తర్వాత రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జిల్లా కార్యాలయానికి వెళ్లండి. పట్నంలో పొదుపు సంఘంలో ఉన్నవాళ్లు, ఆ సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా సిబ్బందిని అడగొచ్చు.

3. కాగితాలు

ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు, బ్యాంకు పాసుపుస్తకం, చదువు సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, ఫొటోలు. ఆధార్‌లో పేరు, పదో తరగతి మార్కుల జాబితాలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. నా ఇంటిపేరు ఒక అక్షరం తేడాతో ఉండటం వల్ల ఒక బ్యాచ్ తప్పిపోయింది.

4. చేరే ముందు సెంటరుకు వెళ్లి చూడండి

ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు. క్లాసు జరుగుతున్న సమయంలో వెళ్లండి. ఏసీ కోర్సు అయితే కంప్రెసర్లు, గ్యాస్ సిలిండర్లు, వాక్యూమ్ పంపు ఉన్నాయా? ఒక్కో మిషను మీద ఎంతమంది చేయి పెడుతున్నారు? లేక గోడ మీద పవర్‌పాయింట్ చూపించి పంపేస్తున్నారా? పోయిన బ్యాచ్‌లో ఉద్యోగంలో చేరిన ఇద్దరితో మాట్లాడించమనండి. మంచి సెంటరువాళ్లు సంతోషంగా మాట్లాడిస్తారు. ‘తర్వాత చూద్దాం’ అంటే అక్కడ ఆగి ఆలోచించండి.

పైన చెప్పిన ఉచిత పథకాల్లో మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ అని, యూనిఫాం అని, సీటు కోసం అడ్వాన్సు అని ఎవరైనా ఫోన్‌పేకు వేయమంటే వేయకండి, ఆ సంగతి జిల్లా కార్యాలయంలో చెప్పండి. ఐటీఐ సంగతి వేరు. అక్కడ మామూలు ఫీజు ఉంటుంది, దానికి రసీదు తీసుకోండి. ఇచ్చే సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో కూడా ముందే అడగండి. నా 18 వేలు పోయింది ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే.

5. శిక్షణలో ఉన్నన్నాళ్లూ

హాజరు వేలిముద్రతోనో, ముఖం చూపించో వేస్తారు. అది తగ్గితే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఈ నెలల్లో సంపాదన రాదు. పెళ్లిళ్లకు, పనులకు సెలవు పెట్టడం కుదరదు. మా ఆవిడ ఆ మూడు నెలలు కుట్టుపని ఎక్కువ తీసుకుని ఇల్లు నెట్టుకొచ్చింది. అది లేకపోతే నేను మధ్యలో మానేసేవాణ్ణే.

క్లాసులో నేర్పింది మాత్రమే చాలదు. ఆదివారాలు ఒక మెకానిక్ వెంట హెల్పరుగా వెళ్లాను. రాగి గొట్టాలు అతకడం క్లాసులో పదిసార్లు చేసి ఉంటాను. చేతికి పట్టు దొరికింది మాత్రం బెంజిసర్కిల్ దగ్గర ఒక అపార్టుమెంటులో, నాలుగో అంతస్తు బయట గోడకు వేలాడుతున్న యూనిట్ దగ్గరే. జీతం అడగకుండా వెళ్లినా, దారి ఖర్చులు ఆయనే ఇచ్చేవాడు.

6. మొదటి ఉద్యోగం, అప్రెంటిస్

పరీక్ష పాసయ్యాక సెంటరు చూపించిన ఉద్యోగం దూరమని, జీతం తక్కువని వెంటనే వదిలేయకండి. ఆరు నెలలు చేస్తే అనుభవం మీదవుతుంది. అయితే హాస్టలు, భోజనం ఖర్చులు పోను చేతికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. ఏమీ మిగలకపోతే ఆ మాట సెంటరువాళ్లకే చెప్పి ఇంకో చోటు అడగండి.

ఐటీఐ చేసినవాళ్లు అప్రెంటిస్‌షిప్‌ను, అంటే సంస్థలో చేరి స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే అవకాశాన్ని, వదలొద్దు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు ఆ సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్ కూడా ఇవ్వాలి. రైల్వే, ఆర్టీసీ నోటిఫికేషన్లు వస్తుంటాయి, చూస్తూ ఉండండి.

సొంతంగా పెట్టుకునేవాళ్లు మొదటి రోజే పెద్ద లోను తీసుకోవద్దని నా సలహా. నేను ముందు గేజీలు, కటింగ్ టూల్ కొన్నాను, వాక్యూమ్ పంపు మాత్రం ఏడాదిపాటు అద్దెకే తెచ్చుకున్నాను. పని నిలబడ్డాక, చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోనుకు వెళ్లాను.

మొదటి అడుగులో అడగమన్న పని నెలల సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఏసీ పని ఫిబ్రవరి చివర మొదలై జూన్ దాకా ఊపిరాడనివ్వదు. మిరపకాయ కోల్డ్ స్టోరేజీల్లోకి చేరేదీ ఆ నెలల్లోనే. మూడు నెలల కోర్సు అనుకుంటే అక్టోబరు బ్యాచ్‌లో చేరినవాడు జనవరికల్లా బయటికొచ్చి, ఎండలు ముదిరేలోపు పనిలో చేయి తిరిగినవాడవుతాడు. మార్చిలో చేరినవాడు జూన్‌లో బయటికొస్తాడు, అప్పటికి వానలు మొదలవుతాయి. మీరు ఎంచుకున్న పనికి ఏది వేసవో ముందే కనుక్కుని, దానికి నాలుగు నెలల ముందు సచివాలయం మెట్లెక్కండి.